మెత్త సీసం

మే 6

ఇంట్లో ఎక్కడో ఎలుక చచ్చింది. కళ్లు తెరవగానే అదే వాసన. దిండు దగ్గర మరీ ఎక్కువ. మంచం కింద చూశాను, వంటింట్లో డబ్బాల వెనక చూశాను. ఏమీ లేదు. మా ఆవిడని అడిగితే "నాకేం తెలియడం లేదండీ" అంటూ వెళ్లి కిటికీ తెరిచింది. ఎండ పడాలని కాబోలు.

షెడ్డులో షట్టర్లు దించి పని చేస్తున్నాం. వెనక వీధి వాళ్లు పొగ వస్తోందని ఫిర్యాదు పెట్టారట. కొలిమి వెలిగించే ముందు షట్టర్లన్నీ నేలదాకా దించాలని షెడ్డు ఓనరు పెద్దాయన హుకుం. పాత బ్యాటరీలు పగలగొట్టే చోట ఆసిడ్ ఘాటు, సీసం కరిగించే కొలిమి దగ్గర బొగ్గు పొగ, రెండూ బయటికి దారిలేక లోపలే తిరుగుతున్నాయి. మధ్యాహ్నానికి తల దిమ్మెక్కుతోంది. సందులోకి వెళ్లి సిగరెట్టు కాలిస్తే కాస్త తేలిక.

మే 8

ఎలుక దొరకలేదు.

మే 11

తనిఖీకి ఎవరో వస్తారట, అందరికీ మాస్కులు ఇచ్చారు. నల్ల రబ్బరుది, బుగ్గలకి రెండు పక్కలా డబ్బాలు. తగిలించుకుని ఊపిరి పీల్చానో లేదో గుప్పున కంపు. కుళ్లిన మాంసం మూటలో తల పెట్టినట్టుంది. తీసి స్టోరు కీపరు బల్ల మీద పడేశాను.

"ఎవడో వాడి పారేసింది నాకు అంటగడుతున్నావ్."

"నీ ముందేగా కవరు చింపాను మేస్త్రీ."

"చింపడానికి ముందు నువ్వే అతికించి ఉంటావ్."

కొలిమి తాత బూడిద ఎత్తుతూ, తల తిప్పకుండా అన్నాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు గానీ, మాస్కు సంగతి పెద్దలెవరూ చెప్పలేదయ్యా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అయినా మాస్కు వేసుకుంటే నా పని సాగదు. కరిగించి పోసిన ప్రతి దిమ్మ నుంచీ ఒక చీలిక తీస్తారు. అది నా పళ్ల మధ్యకి రాకుండా దిమ్మ గేటు దాటదు. మెత్త సీసమైతే పంటికి దారి ఇస్తుంది. కల్తీ కలిసిన గట్టి సీసమైతే పంటిని వెనక్కి నెడుతుంది. ఆ తేడా చెప్పడానికి ఊళ్లో మిషన్లు ఉన్నాయంటారు. మా షెడ్డుకి మిషను నేనే. మా మేనమామ నేర్పాడు. ఆయన చివరికి జావ తాగి బతికాడు. వయసు మీద పడితే అంతే. అప్పటికి ఆయనకి నలభై ఏడు.

మే 12

మాస్కు మార్చి ఇచ్చాడు. ఇదీ వాడిందే. అదే కంపు.

మే 17

ఈమధ్య సరుకు బాగుంటోంది. వరసగా మెత్తవే. పంటి కింద వెన్నలా దిగుతున్నాయి. బ్యాటరీలు కొనే మనిషి మారాడు, అదీ కారణం అయ్యుంటుంది. పెద్దాయనతో అంటే సంతోషించాడు. రేకులు సాగదీసే కంపెనీకి పెద్ద లోడు వెళ్తోంది. ఎక్స్‌రే గదుల గోడలకి కొట్టే రేకులట. వాళ్లకి మెత్తదే కావాలి, గట్టిదైతే సాగదు. లోడంతా నేనే కొరికి పంపాను.

భోజనం కుడివైపే నములుతున్నాను. ఎడమ వైపు ఏదో ఇరుక్కుంది.

మే 19

టూత్‌పేస్టు మార్చాను. పాతది పడలేదు.

మే 21

బామ్మర్ది పరుగెత్తుకుంటూ వచ్చాడు. పోయిన ఏడాది ఆవిడ పోరు పడలేక బ్యాటరీలు పగలగొట్టే చోట పెట్టించాను వాణ్ని. పై పెదవి వేలితో ఎత్తి చూపించాడు. "బావా, పడింది! చూడు, గీత పడింది!"

చిగురు అంచు వెంట నీలం నలుపు గీత. చెక్కిన పెన్సిలుతో గీసినట్టు సన్నగా. మా షెడ్డులో అందరికీ ఉన్నదే. గీత పడేదాకా కొత్తవాడే, ఎన్నాళ్లు పనిచేసినా సరే. పడిన రోజున వాడి మేస్త్రీ అందరికీ టీ పోయించాలి. పోయించాను.

"ఇంక నీకూ నాకూ ఒకటే సంతకం బావా" అన్నాడు.

వాడి పళ్లు చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్కటీ వంకర లేదు. చిగుళ్లు ఎర్రగా బిగుతుగా ఉన్నాయి, ఆ గీత తప్ప.

మే 24

పెద్దాయన ఎదుట బామ్మర్ది సోడా మూత పళ్లతో ఊడదీశాడు. పెద్దాయన కళ్లు మెరిశాయి. "మేస్త్రీ, ఈ పళ్లని బ్యాటరీల దగ్గర పెట్టావేంటయ్యా? కొరుకుడు నేర్పు."

"నేర్పుతాను సార్. నేనుండగా తొందరేముంది?"

"ఉంటావులే. ఎవరు కాదన్నారు?" అంటూ రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. ఆయన ఈమధ్య నాతో దూరంగా నిలబడే మాట్లాడుతున్నాడు.

చీలిక ఎక్కడ పెట్టాలో, ఎంత బలం వెయ్యాలో బామ్మర్దికి చూపించాను. కొరికి, ఉమ్మి, మొహం చిట్లించాడు. "నాణెం నాకినట్టుంది బావా."

"అలవాటవుతుంది."

సాయంత్రానికి తేడా పట్టేశాడు. చురుకైనవాడు. ఒక దిమ్మ దగ్గర మాత్రం ఇద్దరికీ కుదర్లేదు. నేను మెత్తదన్నాను, వాడు గట్టిదన్నాడు. కొత్త కదా.

మే 27

బీరువా జరిపించాను. స్నానాలగది తూము విప్పించాను. ప్లంబరు కడ్డీ పెట్టి లాగి, "ఏమీ లేదు గురువుగారూ, అద్దంలా ఉంది" అన్నాడు. వంగి తూములోకి చూస్తూ పక్కనే నిలబడ్డ నావైపు మొహం తిప్పి, చటుక్కున మళ్లీ తూము వైపే తిప్పుకున్నాడు. తూము వాసనే నయం అన్నట్టు. పనిమంతుడు, పని మీదే ధ్యాస.

ఆవిడ వారం నుంచీ ముందు గదిలో నేల మీద పడుకుంటోంది. నడుం నొప్పట. పరుపు పడట్లేదట.

మే 30

గట్టి సీసం ఒక్కటీ రాలేదు ఈ వారం. ఇలా ఎప్పుడూ లేదు.

జూన్ 2

లోడు తిరిగొచ్చింది.

రేకుల కంపెనీ మేనేజరు వచ్చి, పగిలిన రేకుని పెద్దాయన బల్ల మీద పరిచాడు. ఎండిన చెరువు మట్టిలా బీటలు. "మెత్తదని రాసిచ్చారు. రోలరు కింద పెళపెళా విరుగుతోంది" అన్నాడు.

పెద్దాయన నన్ను పిలిచాడు. కొలిమి ఆపించాడు. షట్టరు ఒకటి ఎత్తించాడు. వెలుతురు మొహం మీద పడింది. తిరిగొచ్చిన దిమ్మల్లోంచి చీలిక తీయించి నా చేతికిచ్చాడు. అందరూ చుట్టూ చేరారు.

కొరికాను. దిగింది. "మెత్తదే" అన్నాను.

అదే దిమ్మలోంచి ఇంకో చీలిక బామ్మర్దికిచ్చాడు. వాడు కొరికి నా మొహం చూశాడు. నేలవైపు చూశాడు.

"చెప్పరా."

"గట్టిది సార్."

కొలిమి తాత దిమ్మ మూల మీద సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. మూల విరిగి గచ్చు మీద టంగున మోగింది. మెత్తది విరగదు, వంగుతుంది. అంత మాత్రం అందరికీ తెలుసు.

"నోట్లో వేలు పెట్టినా కొరకలేని వాణ్ని పెట్టుకుని ఇన్నాళ్లూ బేరం చేశానయ్యా" అని పెద్దాయన మేనేజరుతో నవ్వుతూ అన్నాడు. నాతో నవ్వకుండా అన్నాడు: "రేపట్నించి నీ బామ్మర్ది చూస్తాడు. నువ్వు లెక్కలు రాయి."

సందులోకి వెళ్లి ఉమ్మాను. చీలిక పెట్టిన చోట నుంచి తెల్లగా ఏదో వచ్చింది. దాంట్లో ఎర్రటి దారం. కాలితో మట్టి కప్పాను. ఈగ నా కాలికన్నా ముందే వచ్చి వాలింది.

జూన్ 3

చీలిక తీసిన చోటు మంచిది కాదేమో. దిమ్మలో ఒక మూల మెత్తగా ఇంకో మూల గట్టిగా ఉండొచ్చు. ఉంటుంది. మేనమామ కూడా అన్నాడొకసారి.

జూన్ 5

బీరువా మళ్లీ జరపబోతుంటే ఆవిడ వచ్చి దాని మీద చెయ్యి వేసింది.

"ఎలుక లేదండీ."

"మరి?"

"ఎలుక ఉంటే నేను చెప్పనా? ఎన్నాళ్లని చెప్పకుండా ఉండను?"

కాసేపు ఇద్దరం బీరువాని పట్టుకుని నిలబడ్డాం, అది పడిపోతుందన్నట్టు. తర్వాత టార్చి తెచ్చింది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. పమిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మళ్లీ తీసేసింది. ఆ తీసెయ్యడం నేను చూశాను.

"తెరవండి."

తెరవలేదు.

"నేనేగా. తెరవండి."

అద్దం కూడా ఇచ్చింది. ఇన్నాళ్లూ అద్దంలో గడ్డం చూసుకున్నాను, మీసం చూసుకున్నాను. ఎడమ వైపు కింది దవడ పళ్లు మొదళ్లు బయటపడి, కట్టు తెగిన కంచెలా తలో దిక్కూ వాలి ఉన్నాయి. చిగురు వాటిని పట్టుకుని లేదు, ఆనుకుని ఉందంతే. వేలితో చిగురు నొక్కితే పంటి పక్క నుంచి చీము ఊరింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

మాస్కు వాసన.

స్టోరు కీపరుతో పోట్లాడాను. ప్లంబరుని పిలిపించాను. ఆవిడ నేల మీద పడుకుంది. షెడ్డు మొత్తానికి తెలుసు. ఈ నోటితోనే బామ్మర్ది భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి, పని నేర్పాను.

జూన్ 7

పళ్ల డాక్టరమ్మ దగ్గరికి ఆవిడే తీసుకెళ్లింది. చిన్న గది. డాక్టరమ్మకి వయసు తక్కువ, మాట సూటి. ఎక్స్‌రే ఫొటో తీసే ముందు ఛాతీకి బరువైన ఏప్రన్ కప్పింది. చేత్తో మడత నొక్కి చూశాను. లోపల సీసపు రేకు. మెత్తది, మంచి సరుకు. సీసం నుంచి నన్నెవరూ కాపాడలేదుగానీ ఇక్కడ సీసమే నాకు కాపలా.

ఫొటో తెర మీదికి వచ్చింది. నాకేం అర్థం కాలేదు. ఆవిడకి అర్థమైనట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇక్కడిదాకా ఎముక ఉండాలి" అని డాక్టరమ్మ పెన్నుతో చూపించింది. పెన్ను కిందికి జరిపింది. "మీకు ఇక్కడుంది. పళ్లు ఎముకలో లేవు. కండలో తేలుతున్నాయి."

"పళ్లు తోముకుంటే ఎప్పుడూ రక్తం కారలేదమ్మా. చిగుళ్లు బాగున్నాయనే అనుకున్నాను."

"సిగరెట్టు తాగుతారుగా. తాగేవాళ్లకి చిగుళ్లలో రక్తం ఆడేదే తక్కువ. అందుకే కారదు. పైకి గోడ బాగానే ఉంటుంది, లోపల చెద. ఏం పని చేస్తారు?"

చెప్పాను. షట్టర్ల సంగతీ, బొగ్గు పొగ సంగతీ చెప్పాను. కొరుకుడు సంగతి ఆవిడ చెప్పింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"పళ్లతోనా?"

"అది మా పనితనమండీ."

డాక్టరమ్మ కుర్చీ నాకు దగ్గరగా జరుపుకుంది. తర్వాత అడిగిన దానికల్లా ఓపిగ్గా చెప్పింది. గుర్తున్నంత రాస్తున్నాను. సీసం ఒంట్లోకి వెళ్తే ఎముకలో కూర్చుంటుందట. ఒంటికి దానికీ కాల్షియానికీ తేడా తెలియదట, చుట్టమనుకుని ఇంట్లో పెట్టుకుంటుందట. చిగురుకీ పంటికీ మధ్య సందు లోతయ్యేకొద్దీ అక్కడ గాలి ఆడదు. గాలి పడని క్రిములకి అదే కావాలి, అక్కడ కాపురం పెడతాయి. ఆ కంపు వాటిదే. మూసిన షెడ్డులో పొగ పీలిస్తే రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోట పొగ కూర్చుంటుంది. చిగురుకి ఊపిరి అందదు. ఊపిరందని చోట ఎముకని కట్టే కణాలు మందగించి, కరిగించే కణాలు విజృంభిస్తాయట. ఏది ఎంత చేసిందని విడదీసి చెప్పలేనంది. అన్నీ కలిసి తిన్నాయంది.

"ఒక్క మాట. పన్ను ఇలా కదులుతుంటే, కొరికినప్పుడు ఎలా ఉంటుంది?" అని అడిగాను.

ఆమె చేతి తొడుగు వేసుకుని నా ఎడమ పన్ను మీద వేలు పెట్టి నొక్కింది. పన్ను కిందికి దిగింది. వెన్నలా.

ఆ దిగడం నాకు తెలుసు. నెల నుంచీ ప్రతి దిమ్మలోనూ అదే దిగడం. సీసం దారి ఇచ్చిందనుకున్నాను. ఇచ్చింది నా దవడ.

వచ్చే వారం ఎడమ వైపు పళ్లన్నీ తీసేస్తానంది. రక్త పరీక్షకి రాసింది. నీలం గీత చూసి, "ఇది సీసం గుర్తు. షెడ్డులో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగింది.

అందరికీ ఉంది. పడిన రోజున టీ పోయిస్తాం.

జూన్ 8

బామ్మర్దికి చెప్పాను. గేటు దగ్గర, గాలి వాలు చూసుకుని నిలబడి చెప్పాను. కొరకొద్దురా, సుత్తితో కొట్టి వినరా, ఎముక పోతుందిరా అన్నాను.

వాడు నవ్వాడు. ఎగతాళి కాదు, జాలి. అదే పాడుగా ఉంది.

"నీ పని నాకొచ్చిందని బాధగా ఉంది కదా బావా?"

"అది కాదురా."

"పెద్దాయన ముందే చెప్పాడు, మీ బావ ఏదో ఒకటి అంటాడని. నీకు వయసైంది. నా పళ్లు నీ పళ్లలాంటివి కావు" అని సోడా మూత ఊడదీసినప్పటిలా పళ్లు బయటపెట్టాడు.

నేను మేనమామతో సరిగ్గా ఇదే అన్నాను. ఆయన తల దించుకుని జావ తాగాడు.

జూన్ 9

నాకు అసూయ లేదు.

జూన్ 10

అసూయ లేదు. కొంచెం ఉంది. నోరు తెరిచి చూపిస్తే నమ్మేవాడు. చూపించలేదు. వాడి ముందు ఇన్నాళ్లూ నేను మిషన్ని. ఈ కుళ్లు కుండ మూత తీసి వాడి ముక్కు కింద పెట్టడమా? ఛీ. డాక్టరమ్మ పళ్లు తీసేశాక చెబుతాను, శుభ్రంగా ఉంటుంది.

శుభ్రంగా ఉంటే వాడెందుకు నమ్ముతాడు?

జూన్ 11

బామ్మర్ది పెళ్లాం వచ్చి వంటింట్లో ఆవిడతో మాట్లాడి వెళ్లింది. పెళ్లయి ఏడాది కాలేదు. ఏది పెట్టినా నాణెం నాకినట్టుందని కంచం తోసేస్తున్నాడట. చెయ్యి తిరగని వంటేమో అనుకుని ఏడుస్తోందట.

ఆవిడ ఇదంతా నాకు చెప్పి, చేతులు తుడుచుకుంది. "నా తమ్ముణ్ని రేపు పిలుస్తున్నాను. మీకు ఇష్టం ఉన్నా లేకపోయినా."

"చెప్పాను కదే. వినలేదు."

"మాటలు వినేవాడైతే మా ఇంట్లో పుట్టేవాడే కాదు."

జూన్ 12

సెలవు రోజు. పొద్దున్నే బామ్మర్ది వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తల దువ్వుకుని. పెద్దాయన వాడికి మేస్త్రీ హోదా ఇస్తానన్నాడట, అక్క పిలిచింది అందుకనుకున్నాడు.

ఆవిడ తలుపు గడియ పెట్టింది. నన్ను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, టార్చి తమ్ముడి చేతికిచ్చింది.

"ఏంటక్కా ఇది?"

"బావ నోట్లో చూడు."

"నేను చూడటమేంటి? నేనేమైనా డాక్టర్నా?"

"ఎవరి పని నువ్వు తీసుకున్నావో వాళ్ల నోరు. చూడు."

వాడు నావైపు చూశాడు, ఆపమన్నట్టు. నేను ఆపితే ఆగిపోయేది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. పొద్దున నేను పళ్లు తోముకోలేదు. పుక్కిలించనూ లేదు. ఎందుకని ఆవిడ అడగలేదు.

"దగ్గరికి రారా" అన్నాను. "ఇంకా దగ్గరికి. నీకు పని నేర్పినప్పుడు ఎంత దగ్గరున్నానో అంత దగ్గరికి."

నోరు తెరిచాను.

టార్చి వెలుగు నాలుక మీద వేడిగా తగిలింది. వాడి మొహం ఇంత దగ్గర. వాడి చిగురు మీద గీత కూడా కనబడుతోంది, ఇంకా సన్నగానే ఉంది. నేను వేలు పెట్టి ఎడమ వైపు పన్నుని అటూ ఇటూ ఆడించి చూపించాను. చిగురు నొక్కాను. మిగతాది అదే వచ్చింది. నోరు మూయకుండానే వాడి మొహం మీదికి ఊపిరి వదిలాను, పొడవుగా, ఉన్నదంతా.

టార్చి కింద పడింది. వాడు గడియ తియ్యడానికి కంగారులో రెండు చేతులూ వాడాడు. మెట్లు దిగి, వీధి కాలవ దాకా వెళ్లి, గోడ పట్టుకుని వంగాడు. ఇస్త్రీ చొక్కా మీదే పడింది. ఆగింది అనుకునేలోపు మళ్లీ మొదలు. మధ్యలో ఒకసారి వేలితో తన పై పళ్లు పట్టుకుని ఊపి చూసుకున్నాడు, ఒక్కొక్కటే. మళ్లీ వంగాడు.

ఆవిడ చెంబుతో నీళ్లు తీసుకెళ్లి వాడి వీపు రాస్తూ నిలబడింది. "రేపు డాక్టరమ్మ దగ్గరికి మనిద్దరం వెళ్దాం" అంటోంది. వాడు తల ఊపుతున్నాడు, కాదనడానికి నోట్లో ఖాళీ లేదు.

నేను కిటికీ దగ్గరే కూర్చుని నోరు మూసుకున్నాను. ఎదురింటివాళ్లు తలుపులు వేసుకున్నారు. ఒకడు అంత ఘోరంగా కక్కుకుంటుంటే చెవికి అంత హాయిగా ఉండటం నేనెరగను. ఇంకా, ఇంకా అనుకుంటూ విన్నాను.